ఇంకొకరి పేరు మీద

తెల్లారుజామున ఐదుంబావుకి
మైకు నొక్కి నేను పలికే మొదటి మాట మాది కాదు.
పెద్ద సంస్థ పేరు ముందు,
"వారి తరఫున నడుపుతున్నది" మధ్యలో,
మా పేరు చివర,
ఊపిరి అయిపోయే చోట.

టికెట్టు మీదా అంతే.
పైన వాళ్లు,
అడుగున చీమ తలకాయంత మేము.

గన్నవరంలో మాది డెబ్బై సీట్ల పంకాల విమానం.
జెట్టు పక్కన నిలబడితే
లారీ పక్కన ట్రక్కు ఆటో.
బెంజి సర్కిల్ నుంచి వచ్చినాయన
అద్దంలోంచి చూసి అడుగుతాడు:
"ఇదేంటమ్మా, నేను కొన్నది దీనికి కాదే?"
దీనికేనండీ.
"రెక్కలు నెత్తి మీదున్నాయేంటి?"
కిందకి చూడ్డానికి అడ్డం లేకుండానండీ.
ఈ జవాబు నాకు ట్రైనింగులో చెప్పలేదు.

దాని తలుపు తెరిస్తే మెట్లు,
మెట్లు మూస్తే తలుపు.
ఉన్నదాంతోనే రెండు పనులు.

ఒక్కోరోజు బరువు కుదరదు,
ముందు వరసల వాళ్లని వెనక్కి జరపాలి.
గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి ఒకాయన
"నన్ను జరగమన్న మనిషి ఇంతవరకూ పుట్టలా" అన్నాడు.
తూకం తేడా వస్తోందండీ, అన్నాను.
వెంటనే లేచాడు.

మా నాన్న ఏసోబు
ఈ రన్‌వే కొసాకర, ఇప్పుడు లైట్లు బారుగా వెలిగే చోట
ఎకరంన్నర కౌలుకి చేశాడు.
ఎరువు నాన్నది, అప్పు నాన్నది,
పాసుపుస్తకంలో పేరు వేరే.
బుడమేరు పొంగిన ఏడు మునిగింది నాన్న వరి,
పరిహారం పడింది పాసుపుస్తకానికి.
తర్వాత భూమి విమానాలకి పోయినప్పుడు
ఆఫీసరు కాగితం ముందుకు తోసి
"నీ పేరెక్కడుందో చూపించు" అన్నాడట.
నాన్న ఆ కాగితంలో చాలాసేపు వెతికాడట.
ఆయనకి చదువు రాదు.

నాకు రూతు అని పేరు పెట్టింది నాయనమ్మ.
కోతలైపోయిన ఊళ్లోవాళ్ల చేలల్లో
పరిగె ఏరి పెంచింది నాన్నని.
అదంతా ఈ బ్యాడ్జీ మీద పట్టదు.
బ్యాడ్జీ మీద నా పేరుకంటే
పెద్ద సంస్థ గుర్తే పెద్దది.

మొన్న కాగితం వచ్చింది.
పెద్ద సంస్థ చేతులు మారిందట,
మమ్మల్ని అందులో కలపలేదట.
ఒకటో తారీఖు నుంచి ఎవరి పేరు వాళ్లదే.
మేనేజరు మిఠాయి పంచాడు.
సామాన్లెక్కించే మస్తాన్‌వలి ముక్క నోట్లో వేసుకుని
"పేరు సరేనమ్మా,
జీతం ఎవరి పేరు మీద పడుద్ది?" అన్నాడు.
మేనేజరు ఇంకో ముక్క ఇచ్చాడు.

రాత్రి ఇద్దరు కుర్రాళ్లు నిచ్చెనేసుకొచ్చి
ఒంటి మీది అక్షరాలు ఊడబెరికారు.
ఎండకి చుట్టూ రంగు మాసింది,
అక్షరాలున్నంత మేర తెల్లగా మిగిలింది.
తీసేశాక ఆ పేరు
ఇంకా దూరానికి కనపడుతోంది.

ఒకటో తారీఖు. ఐదుంబావు.
మైకు నొక్కాను.
అలవాటు కొద్దీ నాలుక పాత మాటకి తిరిగింది,
పట్టి ఆపాను.
నా ఖాళీ ఊపిరి హాలంతా వినిపించింది.
తర్వాత మా పేరు చెప్పాను, ముందుగానే,
నిండు ఊపిరితో, అక్కర్లేనంత గట్టిగా.
ఒక పసిపిల్ల ఉలిక్కిపడింది.
మిగతావాళ్లు ఫోన్లలోంచి తలెత్తలేదు.

సాయంత్రం ఇంటికెళితే దావాజీగూడెంలో
నాన్న మంచం మీద కూర్చుని బీడీ వెలిగించి
"పొద్దున మీది ఏడు నిమిషాలు ఆలస్యం" అన్నాడు.
ఆ పంకాల మోత ఆయనకి
పక్కింటి మోటారు కింద లెక్క.

పేరు మారింది నాన్నా, అన్నాను.
ఎవరిదీ, అన్నాడు.
మాదే.

బీడీ బూడిద రాల్చి
"నేనెప్పుడూ మీదనేగా అంటున్నా" అన్నాడు,
దోమతెర ముడి విప్పుతూ.